అక్కకు అమ్మవారు వచ్చిన తర్వాత

ఇబ్రహీంపట్నంలో ఒక మందుల షాపులో నేను పనిచేస్తాను. ఇన్నేళ్లుగా కౌంటర్ ఇవతల నిలబడి చూస్తున్నాను కాబట్టి, మనిషి ఏ మందుకు వచ్చాడో చీటీ తీయకముందే నాకు తెలిసిపోతుంది. షుగర్ గోలీలకు వచ్చినవాడు దర్జాగా వస్తాడు. "నాకు మూడొందలున్నది" అని పక్కనున్న ముక్కూమొహం తెలియనివాడికి కూడా గొప్పగా చెబుతాడు. బీపీ వాళ్లూ అంతే. మొలల బాధ ఉన్నవాళ్లు కాస్త నసుగుతారు గానీ చివరికి అడిగేస్తారు. మనసు మందులకు వచ్చినవాళ్లు మాత్రం షాపు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా చాయ్ హోటల్ దగ్గర నిలబడతారు. అందరూ పోయాక వచ్చి ముందు దగ్గు బిళ్లలు అడుగుతారు, తర్వాత తలనొప్పి మలాము అడుగుతారు, ఆ తర్వాత మడత మీద మడత పెట్టిన చీటీ బయటికి తీస్తారు. "నాకు గాదు, మా దోస్తుకు" అంటారు. ఈ చుట్టుపక్కల సగం మందికి అదే దోస్తు.

ఇట్లా వచ్చేవాళ్లలో మా ఊరివాళ్లు తక్కువ. కందుకూరు వాళ్లు మా దగ్గరికి వస్తారు. మా ఊరివాళ్లు తుక్కుగూడ పోతారు. తుక్కుగూడ వాళ్లు ఎక్కడికి పోతారో నాకు తెలియదు, బహుశా సిటీకి పోతారేమో. ఒకే గోలీ కోసం ఒకరి ఊరికి ఒకరు బస్సుల్లో ఎదురెదురుగా తిరుగుతుంటారు. తలచుకుంటే నవ్వొస్తుంది. కానీ గట్టిగా నవ్వే హక్కు నాకు లేదు, ఎందుకంటే మా అక్క మందుల కోసం నేనూ తుక్కుగూడ బస్సే ఎక్కేదాన్ని. నేను నిలబడే చోటుకు చేతికందే దూరంలో, వెనక అరలోనే, అవే మందులు ఉండేవి.

అది అమ్మ పెట్టిన షరతు. "నీ షాపుల కొంటే మీ సేటుకు తెల్వదా? సేటుకు తెలిస్తే ఊరికి తెల్వదా?" అనేది. అప్పటికే నాకు వచ్చిన ఒక సంబంధం వాళ్లు, అక్క ఆస్పత్రి సంగతి ఎవరి ద్వారానో విని, మళ్లీ ఫోన్ చేయలేదు. అందుకని అమ్మకు ఆ భయం. మా సేటు మంచివాడే, ఎవరికీ చెప్పేవాడు కాదనుకుంటాను.

ఇప్పుడు ఇదంతా రాస్తే ఇంటిగుట్టు బజారున పెట్టానని అమ్మ తిడుతుంది. తిట్టనీ. దాచి బావుకున్నదేమీ లేదు.

మేం ఇద్దరం ఆడపిల్లలం. బాపు నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ మార్కెట్ దగ్గర కూరగాయలు అమ్మి మమ్మల్ని చదివించింది. అక్క ఇంటర్ తర్వాత ఒక ప్రైవేటు బడిలో ఎల్కేజీ పిల్లలకు పాఠాలు చెప్పేది. పాఠాలంటే ఏముంది, కథలే. కోతి తానే, కాకి తానే, కర్ర పట్టుకున్న ముసలవ్వ తానే. ఆదివారం బజార్లో కనపడితే పిల్లలు తల్లి చెయ్యి వదిలి అక్క కొంగు పట్టుకునేవారు. మా ఇంట్లో నోరున్నది అక్కకే, నేను మూగదాన్నని అమ్మ అనేది. ఇప్పుడు నన్ను చూసి ఆ మాట ఎవరూ అనరు.

అక్కకు కోహెడ వైపు ఒక ఊరికి పెళ్లి చేశాం. బావ ఆటో నడిపేవాడు, తాగుబోతు కాదు, కొట్టేవాడు కాదు. పెళ్లయిన కొన్నేళ్లకు అక్కకు నిద్ర పట్టడం మానేసింది. తర్వాత, గోడ అవతల నుంచి ఎవరో తనను తిడుతున్నారని చెప్పసాగింది. ఆ గోడ అవతల ఇల్లు లేదు, టమాట చేను ఉంది. బావ మొదట కోప్పడ్డాడు, తర్వాత భయపడ్డాడు, చివరికి ఒక మధ్యాహ్నం తన ఆటోలోనే తీసుకొచ్చి మా గడప ముందు దింపాడు. బట్టల సంచి అమ్మ చేతికిచ్చి, "నయమైనంక ఫోన్ జేయున్రి అత్తమ్మా, వచ్చి తీస్కపోత" అన్నాడు. కొంత నయమయ్యాక మేం ఫోన్ చేశాం. ఎత్తలేదు. మరో నంబరు నుంచి చేస్తే ఎత్తి, మా గొంతు విని పెట్టేశాడు.

మొదట్లో అందరూ చేసేవే మేమూ చేశాం. పక్కింటి చాచీ చెప్పిందని దర్గాకు తీసుకుపోయాం, తాయెత్తు కట్టించాం. ఎల్లమ్మకు మొక్కాం. నిమ్మకాయలు తిప్పి మూడు బాటల కాడ పడేశాం. అక్క అన్నిటికీ బుద్ధిగా కూర్చునేది. ఒక పొద్దున మేం లేచేసరికి ఇంట్లో లేదు. వెతుక్కుంటూ పోతే సాగర్ రోడ్డు నడిమధ్య బస్సుకు ఎదురుగా నిలబడి ఉంది. డ్రైవర్ బ్రేకు మీద నిలబడినంత పని చేసి బస్సు ఆపాడు. కిందికి దిగి తిట్టబోయి, అక్క ముఖం చూసి, "ఎవ్వలింటి పిల్లనే ఇది, జర పట్టుకోండ్రి" అని మాత్రం అన్నాడు. ఆ రోజే సిటీలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. మా వైపు ఎవరినైనా తిట్టాలంటే పిచ్చాసుపత్రి ఉన్న ఎర్రగడ్డకు పంపాలంటారు. ఆ మాట ఎవరి నోటి నుంచీ రాకూడదని, సుట్టాలింటికి పోతున్నామని వాడకట్టుకు చెప్పి బయల్దేరాం.

"ఇది జబ్బు, షుగర్ లాంటిదే. మందులు వాడాలి, మధ్యలో ఆపొద్దు" అన్నది డాక్టరమ్మ. షుగర్ వచ్చినదాన్ని మొగుడు సంచితో సహా దింపిపోడు కదా మేడమ్ అని అడగాలనిపించింది. ఆమె మంచిదే. అక్కతో నేరుగా మాట్లాడింది, మాతో కాదు. అదొక్కటే అక్కకు నచ్చింది.

మందులు పనిచేశాయి. ఈ మాట నేను ఎక్కడైనా గట్టిగా చెబుతాను. గోడలోని గొంతులు తగ్గాయి. అక్క నిద్రపోయింది. అన్నం అడిగి తిన్నది. కాకపోతే లావెక్కింది, చేతులు వణికేవి, చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేది. మాట నెమ్మదించింది. కోతి, కాకి, ముసలవ్వ తిరిగి రాలేదు. ఆ సంగతి చెబితే డాక్టరమ్మ మందు మార్చింది, వణుకు కొంచెం తగ్గింది. అక్క కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీసేది, అమ్మ అమ్మిన కూరగాయల ధరలు అడిగేది. నాకు అది చాలనిపించింది. కానీ అక్కకు అది చాలలేదు, ఎట్లా చాలుతుంది?

మా దగ్గర ఇంట్లో ఏ శుభకార్యమున్నా ఆడవాళ్లు కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఆ ఇంటి ఆడవాళ్లకు బొట్టు పెట్టి పిలుస్తారు. కార్డు పంపినా, ఫోనులో వీడియో కార్డు పెట్టినా, బొట్టు పెట్టకపోతే పిలిచినట్టు కాదు. బాపు పోయాక అమ్మకు బొట్టు పెట్టరు, నోటితో పిలుస్తారు. అది ఇంకో అన్యాయం, ఇప్పుడు దాని జోలికి పోను. నాకూ అక్కకూ పెట్టాలి. నాకు పెట్టేవారు. అక్క దాకా వచ్చేసరికి, "ఆమెకు పానం బాగలేదు గదా, ఉండనియ్యి" అని భరిణె మూత పెట్టేసేవారు.

వాకిట్లో వాళ్ల గొంతు వినపడగానే అక్క లేచి ముఖం కడుక్కునేది. జడ సరిచేసుకునేది. వచ్చి నా పక్కన నిలబడి నుదురు కాస్త ముందుకు వంచేది. ఒకసారి ఒకామె చెయ్యి అక్క వైపు పోయింది కూడా, వెనకామె మోచెయ్యి పట్టి గుంజింది. ఫంక్షన్ హాల్లో పదిమందిలో అక్క ఏమన్నా అంటుందేమోనని వాళ్ల భయం. వాళ్లు పక్కింటికి పోయాక అక్క నన్ను అడిగింది.

"నాకు పెట్టుడు మర్శిపోయిన్రానే?"

"అవ్ అక్కా, మర్శిపోయిన్రు" అన్నాను.

కోపం పట్టలేక వాళ్ల వెనకే పరుగెత్తబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అడిగి పెట్టిచ్చుకుంటమా? ఊకో" అంది. నిజమే, అడిగి పెట్టించుకున్న బొట్టు ఎందుకు. కానీ ఊరుకుంటే ఊరుకున్నట్టే అయింది. తర్వాత్తర్వాత బొట్టు పెట్టేవాళ్ల గొంతులు వాకిట్లో వినపడినా అక్క లేవడం మానేసింది, గోడ వైపు తిరిగి పడుకునేది. బడిలో తనతో పనిచేసిన టీచర్లు ఎవరూ రాలేదు. ఎల్కేజీ పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఎదురుపడితే తల్లులు వాళ్లను అవతలి పక్కకు నడిపించేవారు. ఇంటికి వచ్చేది చాచీ ఒక్కతే, ఆమె కూడా అమ్మ కోసం వచ్చేది.

ఎప్పటి నుంచో తెలియదు గానీ అక్క గోలీలు మింగడం మానేసింది. నా కళ్ల ముందే నోట్లో వేసుకునేది, నీళ్లు తాగేది. చాలా రోజుల తర్వాత స్నానాల గది కిటికీ సందులో, నానిపోయి తెల్లగా గోడకు అంటుకున్న గోలీలు దొరికాయి. అప్పటికే బోనాలు వచ్చేశాయి.

ఆ రోజు ఊరేగింపు మా గల్లీలోంచి పోతోంది. డప్పులు మోగుతున్నాయి, పోతరాజు ముందు ఆడుతున్నాడు. నేను బోనం ఎత్తుకుని ఆడవాళ్ల మధ్య నడుస్తున్నాను. నాకు దేవుడంటే కోపమేమీ లేదు, ఏటా నేనూ బోనం ఎత్తుతాను, ఇప్పటికీ ఎత్తుతాను. మా ఇంటి ముందుకు వచ్చేసరికి గేటు దగ్గర నిలబడ్డ అక్క వణకడం మొదలుపెట్టింది. జుట్టు విప్పుకుంది. డప్పు జోరెక్కిన కొద్దీ ఊగింది. ఎవరో "అమ్మవారొచ్చింది" అని అరిచారు. ఆడవాళ్లు పరుగున వచ్చి అక్క కాళ్ల మీద బిందెడు నీళ్లు పోశారు, పసుపు రాశారు, చేతికి వేపమండ ఇచ్చారు. నా తల మీద బోనం ఉంది, నేను దించేలోపు ఇదంతా అయిపోయింది.

అమ్మవారు వస్తే ఏం తప్పు జరిగిందో అడగాలి, అది మా ఆచారం. ఒక పెద్దాయన చేతులు జోడించి, "ఏం తప్పయింది తల్లీ, చెప్పు" అని అడిగాడు.

అక్క గొంతు మారింది. ఎన్నో ఏళ్లుగా నేను వినని గొంతు, నిండుగా, ఖంగున. "నా గుడి ముందర మోరి పారుతున్నది. ముక్కు మూస్కోని మొక్కుతున్నరు. నన్ను మర్శిన్రు" అంది.

గుడి ముందు మోరీ, అంటే మురుగు కాలువ, పారుతున్న సంగతి ఊరంతటికీ తెలుసు. ఆ మోరీ కోసం మున్సిపాలిటీకి ఎన్ని దరఖాస్తులు పెట్టారో లెక్కలేదు, ఎవరూ కదల్లేదు. అమ్మవారు చెప్పిన వారంలోనే పైపులు వేసి సిమెంటు మూతలు పెట్టారు. దాంతో మా అక్క మహిమ స్థిరపడిపోయింది. మామూలు రోజైతే నేను కడుపుబ్బ నవ్వేదాన్ని.

అప్పటి నుంచి మంగళవారం, శుక్రవారం మా గల్లీలో జనం. పిల్లలు కానివాళ్లు, భూమి తగాదాల వాళ్లు, ప్లాటు అమ్ముడుపోనివాళ్లు, కొడుకు చదవడం లేదని ఏడ్చేవాళ్లు. కొబ్బరికాయలు, నిమ్మకాయలు, చీరలు, గాజులు. ఎవరు అక్క ముందు భరిణె మూత పెట్టేవారో ఆ ఆడవాళ్లే అక్క పాదాలకు పసుపు రాసి, నుదుటి నిండా కుంకుమ పెట్టి, అదే కుంకుమ తీసి తమ నుదుట పెట్టుకుని పోయేవారు. బడి టీచర్లూ వచ్చారు, పిల్లల పరీక్షల ముందు. అక్క వాళ్లందరి తలల మీద వేపమండతో తట్టేది. నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకూ ఒక్క క్షణం సంతోషమయ్యేది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

కానీ అక్క నిద్రపోవడం లేదు. అన్నం తినడం లేదు, పండ్లు పాలు అంటుంది, అవి కూడా మధ్యలో వదిలేస్తుంది. లావైన మనిషి కళ్ల ముందే సన్నబడిపోయింది. చెప్పులు వదిలేసింది, అరికాళ్లు పగిలి నెత్తురు కారుతున్నా తెలియడం లేదు. చాచీ ఒకరోజు గోడ మీది నుంచి పిలిచి మెల్లగా చెప్పింది.

"బేటా, తెల్లారకముందు ఫజర్ నమాజుకు లేస్తే మీ అక్క గప్పటికే వాకిట్ల తిరుగుతుంటది. గోడతోని మాట్లాడుతుంటది. నేను సూసిన. మీ అమ్మకు చెప్తే కోపం జేస్తది, నీకు చెప్తున్న."

అమ్మతో గొడవ పడ్డాను. గొడవంటే చిన్న గొడవ కాదు, గిన్నెలు ఎగిరాయి. అమ్మ చెప్పింది మాత్రం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"ఇన్నొద్దులు నన్ను పిచ్చిదాని తల్లి అన్నరు. నా గంప కాడ కూరగాయలు కొననీకె గూడ భయపడ్డరు, నేనేదో కలిపినట్టు. ఇప్పుడు అమ్మవారి తల్లి అంటున్నరు. కుర్చీ ఏసి కూసోబెడుతున్నరు. నీకేం నొప్పి లేస్తున్నది? నీ అక్క నవ్వుతలేదా?"

"నవ్వుతున్నది గానీ అమ్మా, నిద్ర వోతలేదు, తింటలేదు. మళ్ల రోడ్డు మీదికి పోతె?"

"అమ్మవారు సూసుకుంటది" అంది అమ్మ. అమ్మ కూడా మూర్ఖురాలు కాదు. ఇన్నేళ్ల అవమానం ఆమెను అటు నెట్టింది. నేను ఏం మాట్లాడినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

మా వాడకట్టులో ఒక ముసలి శివసత్తి ఉంది. ఆమెకు పడుచుతనం నుంచీ అమ్మవారు వస్తుంది. నేను పోయి బతిమాలితే వచ్చి అక్కను చూసింది. చాలాసేపు చూసి, బయటికి వచ్చి అమ్మతో, "నాకొచ్చిన అమ్మ గడియసేపుండి పోతది. లేస్త, అన్నం తింట, పండుకుంట. గీ పిల్లకొచ్చింది పోతనే లేదు. దవాఖానకు తీస్కపో బిడ్డా" అని చెప్పింది. నా పని అయిందనుకున్నాను. ఆమె గల్లీ మలుపు తిరగకముందే అమ్మ, "జనం ఈడికొస్తున్నరని దానికి కండ్లమంట" అనేసింది. వరుసలో ఉన్నవాళ్లు కూడా అవునవునన్నారు. ముసలామె తర్వాత మా ఇంటి వైపు రాలేదు.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. మనిషిని తీసుకురమ్మంది. రాకపోతే ఇంట్లోవాళ్లందరూ కలిసి ఒప్పించాలి, పెద్దవాళ్లు కలిసి రావాలి, అన్నంలో కలిపి మాత్రం పెట్టొద్దు, ఆమెకు మీ మీద నమ్మకం పోతుంది అని చెప్పింది. అన్నీ సరైన మాటలే. మా ఇంట్లో కలిసి వచ్చే పెద్దవాళ్లు ఎక్కడున్నారు? బావకు మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి ఎత్తాడు. "అమ్మవారొచ్చిందంట గదా, మంచిదే గదా" అన్నాడు. వచ్చే శుక్రవారం తానూ వచ్చి మొక్కుతానన్నాడు. ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది. ఆయన వచ్చాడు కూడా. టెంకాయ కొట్టి, భార్య కాళ్లు మొక్కి, తన ఆటోకు నిమ్మకాయ కట్టించుకుని వెళ్లిపోయాడు.

ఇక దాచేది ఏమీ లేదనుకుని ఒకరోజు గోలీ తీసుకుపోయి అక్క అరచేతిలోనే పెట్టాను. జనం ముందే. "అక్కా, ఏస్కో" అన్నాను. అక్క దాన్ని చూసింది. గుప్పిట మూసింది. నేను ఆశగా నీళ్ల గ్లాసు అందించాను. అక్క గ్లాసు తీసుకోకుండా, ముందు కూర్చున్న ఒకామె చేతిలో ఆ గోలీని పసుపు అక్షింతలతో కలిపి పోసింది. ఆమె కళ్లకు అద్దుకుని కొంగున ముడివేసుకుంది. నేను ఆమె వెంట గల్లీ చివరిదాకా పరుగెత్తాను.

"అక్కా, అది గోలీ. ప్రసాదం గాదు. మింగొద్దు, ఇటియ్యి."

"అమ్మవారిచ్చింది గుంజుకుంటవా? నీ కండ్లు పోను!" అని ఆమె నన్ను తిట్టింది. కడుపులో పిల్ల నిలవడం లేదని వచ్చిన మనిషి. ముడి విప్పి గోలీ తీసుకునేసరికి నా చేతి మీద గోళ్ల గాట్లు పడ్డాయి. ఆ తర్వాత వాడకట్టులో నా పేరు చెడింది. అక్క పేరుకు ఓర్వలేక చెల్లె అట్ల చేస్తున్నదని అన్నారు. మందుల షాపుదాన్ని కదా, మందులు అమ్ముకోవాలని చూస్తున్నానని కూడా అన్నారు.

కొన్నాళ్లకు నేను భయపడ్డదే జరిగింది. తెల్లవారి చూస్తే అక్క ఇంట్లో లేదు. నేను సాగర్ రోడ్డుకే పరుగెత్తాను. సగం దారిలో ఒక ఆటో ఎదురొచ్చింది, అందులో అక్క కూర్చుని ఉంది. రోడ్డు మధ్యలో లారీకి ఎదురు నడుస్తుంటే గుర్తుపట్టి ఎక్కించుకున్నానని ఆటో అన్న చెప్పాడు. గడప ముందు దింపి, అక్క కాళ్లు మొక్కి, "నీ మహిమ తల్లీ, లారీ గూడ ఆగింది" అన్నాడు. వెనకటి బస్సు డ్రైవరు జర పట్టుకోండ్రి అని చెప్పి పోయాడు, ఈయన మొక్కి పోయాడు. నాకు ఈసారే ఎక్కువ భయమేసింది. పిచ్చిదైతే ఎవరో ఒకరు చెయ్యి పట్టి పక్కకు లాగుతారు. అమ్మవారు రోడ్డు మీద నడుస్తుంటే ఎవరు ఆపుతారు? ఆ రోజు షాపుకు పోలేదు. వంటింట్లో కూర్చుని ఏడ్చాను. అమ్మ కూడా వచ్చి నా పక్కన కూర్చుంది. కానీ శుక్రవారం మళ్లీ వాకిలి అలికి ముగ్గు వేసింది.

నాకు తోచిన ఆఖరి పని అప్పుడు చేశాను. అమ్మ వినదు, అక్క వినదు, బావ వినడు, డాక్టరమ్మ ఇక్కడికి రాదు. అందరూ వినేది ఒక్క అమ్మవారి మాటే. అందుకని ఆ శుక్రవారం తలస్నానం చేసి, కొబ్బరికాయ, నిమ్మకాయలు పళ్లెంలో పెట్టుకుని, మా ఇంటి ముందు వరుసలో అందరితోపాటు నిలబడ్డాను. మా ఇంట్లోకి పోవడానికి నేను వరుసలో నిలబడటం చూసి కొందరు నవ్వారు, కొందరు బుద్ధి వచ్చిందన్నారు. మోరీ అడిగితే మోరీ కట్టారు కదా. అమ్మవారే గోలీలు వేసుకోమంటే అమ్మ ఎట్లా కాదంటుంది? జనం ఎట్లా కాదంటారు? ఎండలో నిలబడి అదే లెక్క వేసుకుంటున్నాను. ఎన్నో రోజుల తర్వాత నాకు కాస్త ధైర్యం వచ్చింది.

నా వంతు వచ్చింది. అక్క పీట మీద కూర్చుని ఊగుతోంది. కళ్ల కింద నలుపు, పెదాలు పగిలిపోయాయి. నేను మోకాళ్ల మీద కూర్చుని, అందరికీ వినపడేట్టు గట్టిగానే అడిగాను.

"తల్లీ, మా అక్క పానం బాగలేదు. దవాఖాన గోలీలు ఏస్కుంటలేదు. నీ బిడ్డే గదా, ఏస్కోమని నువ్వన్న చెప్పు తల్లీ."

అమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. అక్క ఊగడం ఆగింది. వేపమండ ఒళ్లో పెట్టుకుని నా ముఖంలోకి చూసింది. ఆ చూపు నాకు తెలుసు, అది మా అక్కదే. ముందుకు వంగి నా భుజం మీద చెయ్యి వేసింది. చెయ్యి కాలిపోతోంది. ఇంకెవరికీ వినపడనంత మెల్లగా, తన సొంత గొంతుతో మాట్లాడింది.

"గోలీలేస్కుంటె వీళ్లంత మళ్ల రారు గదనే చెల్లె."

వస్తారు అక్కా అని చెప్పడానికి నోరు తెరిచాను. వెనక్కి తిరిగి వరుసలో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే చూశాను, నా నోట్లోంచి ఆ మాట రాలేదు.